వంద అడుగుల ఫిల్మ్: చెన్నైలో కొనే ముందు, కొన్నాక

రీలు కెమెరా మళ్లీ బయటికి తీసినవాళ్లకి కొన్నాళ్లకే ఒక సంగతి తెలిసొస్తుంది. కెమెరాకి పెట్టింది ఒక్కసారి ఖర్చు, రీలుకి పెట్టేది ఎప్పటికీ తెగని ఖర్చు. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: బల్క్‌లో, అంటే పొడవాటి ఒకే చుట్ట కొని ఇంట్లో చిన్న రీళ్లుగా చుట్టుకోండి, సగం ధరకే పడుతుంది అని. సగానికి పడదు. జాగ్రత్తగా కొంటే మూడో వంతు దాకా మిగలొచ్చు. అది కూడా కొన్న రోజున కాదు, ఆ ఫిల్మ్ పాడవకుండా మొత్తం వాడేసిన రోజున మిగులుతుంది. చెన్నై లాంటి ఊళ్లో ఆ రెండింటికీ మధ్య ఎండ ఉంది, ఉక్క ఉంది, ఫ్రిజ్‌లో చోటివ్వని ఇంటివాళ్లు ఉన్నారు. కాబట్టి కొట్టుకి ఫోన్ చేసే ముందు కాగితం, పెన్ను తీసుకోండి.

ముందు లెక్క

35 ఎంఎం బల్క్ రోల్ సాధారణంగా 100 అడుగులు, అంటే 30.5 మీటర్లు ఉంటుంది. ఒక్కో ఫ్రేముకి 38 మిల్లీమీటర్ల ఫిల్మ్ పడుతుంది. 36 ఫ్రేములకి దాదాపు 1.37 మీటర్లు. ముందు కెమెరాలోకి ఎక్కించే నాలుక, చివర స్పూలుకి అతికించే ముక్క కలిపితే ఇంకో పాతిక సెంటీమీటర్లు. వెరసి ఒక రీలుకి 1.6 మీటర్ల పైచిలుకు. అమ్మేవాళ్లు 20 రీళ్లు వస్తాయని చెప్పినా, మీరు మాత్రం 18తోనే లెక్క వేయండి.

అసలు ధరలు రోజుకో రకంగా మారుతుంటాయి కాబట్టి ఊహించిన అంకెలతో చూద్దాం. విడి రీలు 900 రూపాయలు, బల్క్ రోల్ అన్ని ఖర్చులతో ఇంటికి చేరేసరికి 11,000 అనుకోండి. 18తో భాగిస్తే రీలు 611 పడింది. ఒక్కో రీలు మీద 289 మిగులు, మొత్తం మీద 5,200. ఫిల్మ్ చుట్టే పెట్టెకి (లోడర్), అది చుట్టుకునే క్యాసెట్లకి కలిపి 5,000 పెట్టారనుకుంటే మొదటి బల్క్ రోల్ లాభం అంతా వాటికే సరి. మీ చేతికి ఏమైనా మిగిలేది రెండో రోల్ నుంచే. కాబట్టి ఒక్కసారి సరదాకి చేద్దామనుకునేవాళ్లకి ఇది గిట్టదు. అలాంటివాళ్లు ఐదేసి రీళ్ల ప్యాకులు కొనుక్కోవడమే మంచిది.

తర్వాతి ప్రశ్న: నెలకి ఎన్ని రీళ్లు తీస్తారు? ఎన్ని తీయాలనుకుంటున్నారని కాదు, పోయిన ఆరు నెలల్లో నిజంగా ఎన్ని తీశారని. నెలకి రెండు అయితే 100 అడుగులు తొమ్మిది నెలలు వస్తుంది, ఇబ్బంది లేదు. అదే చవగ్గా దొరికింది కదా అని 400 అడుగుల సినిమా డబ్బా తెచ్చుకుంటే అది 75 రీళ్లు, మూడేళ్ల పైన వాడాలి. మీ ఫ్రిజ్‌లో మూడు ఎండాకాలాలు దాటాలన్నమాట. నెలకి ఒక్క రీలే తీసేవాళ్లు ఇంకో ఇద్దరిని కలుపుకుని వంతులేసుకోండి. ముగ్గురికీ ఆరేసి రీళ్లు. డబ్బులు మాత్రం ఆర్డర్ పెట్టకముందే చేతులు మారాలి, రోల్ వచ్చాక అడిగితే స్నేహాలు చెడతాయి.

120 అనే వెడల్పాటి సైజు ఫిల్మ్ వాడేవాళ్లకి ఈ దారి లేదు. దానికి వెనక కాగితం ఉంటుంది, ఇంట్లో చుట్టుకునే వ్యవహారం కాదు.

ఏ ఫిల్మ్ కొనాలి

బల్క్‌లో ఇప్పుడు తేలిగ్గా దొరికేది నలుపు–తెలుపే. ఇల్ఫోర్డ్ వాళ్ల హెచ్‌పీ5 ప్లస్, ఎఫ్‌పీ4 ప్లస్, అదే హార్మన్ కంపెనీ తయారుచేసే కెంట్‌మియర్ 100, 400, చెక్ దేశం నుంచి వచ్చే ఫోమాపాన్ 100, 200, 400. ఇవన్నీ 30.5 మీటర్ల రోళ్లలో వస్తాయి. పేర్లలోని 100, 200, 400 అంకెలు ఐఎస్‌ఓ, అంటే ఫిల్మ్ వెలుతురుకి ఎంత తొందరగా స్పందిస్తుందో చెప్పేవి. కొడాక్ ట్రై–ఎక్స్ కూడా ఉంది గానీ ధర చూశాక బల్క్‌లో కొన్న సంతోషం మిగలదు.

నన్నడిగితే మొదటి రోల్‌కి కెంట్‌మియర్ 400 గానీ ఫోమాపాన్ 100 గానీ చాలు. రెండూ చవక రకాలే. చుట్టడం నేర్చుకునేటప్పుడు ఒకటి రెండు రీళ్లు గీతలు పడో వెలుతురు తగిలో పోతాయి, ఆ నష్టం ఖరీదైన ఫిల్మ్ మీద పడనివ్వకండి. ఫోమాపాన్ 400 తీసుకుంటే డబ్బా మీద 400 అని ఉన్నా 200, 250 దగ్గర పెట్టి తీసేవాళ్లే ఎక్కువ. దాని నీడల్లో వివరం తొందరగా పోతుంది.

ఒకే ఎమల్షన్‌ని, అంటే ఒకే రకం ఫిల్మ్‌ని ఏడాదంతా వాడటం వల్ల డబ్బుతో సంబంధం లేని మేలు ఒకటుంది. 18 రీళ్లూ ఒకే బ్యాచ్. మొదటి రెండు రీళ్లతో ఎక్స్‌పోజరు, కడిగే టైము ఖాయం చేసుకుంటే మిగతా పదహారూ అలాగే వస్తాయి. వారానికో రకం రీలు మార్చేవాళ్లకి ఈ నిలకడ ఎప్పటికీ దొరకదు. బల్క్ కొనడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

సినిమా డబ్బాల దగ్గర ఆగి చదవాల్సింది

ఇది చెన్నై కాబట్టి ఈ భాగం కాస్త పెద్దదే. కోడంబాకం, వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల ఒకప్పుడు తెలుగు సినిమా దాదాపు మొత్తం తయారైంది. ముడి ఫిల్మ్ డబ్బాలు ఇక్కడి వీధుల్లో ఎంత తిరిగాయో చెప్పనక్కర్లేదు. షూటింగులో వాడగా మిగిలిన ముక్కల్ని సినిమా వాళ్లు షార్ట్ ఎండ్స్ అంటారు. స్టిల్ ఫొటోగ్రాఫర్లకి అవి పాత స్నేహితులు. ఇప్పటికీ ఎవరో ఒకరు 'మా మామయ్య అసిస్టెంట్ కెమెరామన్‌గా చేశారు, ఇంట్లో డబ్బాలున్నాయి' అంటూ తీసుకొస్తారు. తొందరపడి డబ్బులివ్వకండి. ముందు లేబుల్ చదవండి.

కొడాక్ డబ్బా అయితే నాలుగంకెల నంబరు ఉంటుంది. అందులో మొదటి అంకె చూడండి. 5తో మొదలైతే ఎసిటేట్ అనే ప్లాస్టిక్ బేస్ మీద 35 ఎంఎం, అంటే మనకి పనికొచ్చేది. 7తో మొదలైతే 16 ఎంఎం, మన కెమెరాలో పట్టదు. 2తో మొదలైతే పాలియెస్టర్ బేస్. 2383 లాంటివి థియేటర్ ప్రింట్లు వేయడానికి చేసినవి. ఇవి చాలా మందకొడి ఫిల్ములు, మిట్టమధ్యాహ్నం మెరీనాలో కూడా ట్రైపాడ్ కావాలి. పైగా పాలియెస్టర్ చేత్తో లాగితే తెగదు. కెమెరాలో ఇరుక్కుంటే ఫిల్మ్‌కి ఏమీ కాదు, గేర్లే పోతాయి. ల్యాబుల్లో మిగిలిపోయిన చవక డబ్బాల్లో ఎక్కువ ఇవే ఉంటాయి, అందుకే ముందే చెబుతున్నా.

5తో మొదలయ్యేవాటిలో నంబరే వయసు చెబుతుంది. 5222 అంటే డబుల్–ఎక్స్, 1959 నుంచి వస్తున్న నలుపు–తెలుపు నెగెటివ్, ఇప్పటికీ తయారవుతోంది. పగటి వెలుతురులో 250, బల్బు వెలుతురులో 200. ఇది కొత్త స్టాకు దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు, మామూలు నలుపు–తెలుపు డెవలపర్‌లోనే కడుక్కోవచ్చు. 5231 అంటే ప్లస్–ఎక్స్, 2010లో ఆపేశారు. రంగుల్లో 5219 విజన్3 500టీ, 2007లో వచ్చింది (టీ అంటే బల్బు వెలుతురుకి, డీ అంటే పగటి వెలుతురుకి చేసినది). 5207 అంటే 250డీ, 5213 అంటే 200టీ, 5203 అంటే 50డీ, ఇవి ఆ తర్వాత వచ్చాయి. 5218 అని కనిపిస్తే అది విజన్2, ఇంకా పాతది. ఫ్యూజీ సినిమా నెగెటివ్ ఏదైనా 2013కి ముందుదే, ఆ ఏడాదితో ఆ కంపెనీ షూటింగ్ ఫిల్ముల తయారీ మానేసింది. కాబట్టి 'ఫ్యూజీ ఎటెర్నా, ఫ్రెష్ స్టాక్' అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకోండి.

రంగుల సినిమా ఫిల్మ్ కొనేవాళ్లు రెమ్‌జెట్ గురించి తెలుసుకోకుండా ఒక్క అడుగూ వేయకూడదు. ఫిల్మ్ వెనకవైపు బొగ్గు మసి లాంటి నల్లటి పూత ఉంటుంది, అదే రెమ్‌జెట్. దీన్ని మామూలు కలర్ ల్యాబులో సీ–41 మెషీన్‌లో వేస్తే ఆ మసి ఊడి కెమికల్స్‌లో కలిసి, మీ తర్వాత వచ్చే పెళ్లి ఫొటోల రీళ్లన్నిటికీ అంటుకుంటుంది. ల్యాబు ఆయన మళ్లీ మీ మొహం చూడడు. రీలు ఇచ్చేటప్పుడే ఇది సినిమా ఫిల్మ్ అని చెప్పండి, ఈసీఎన్–2 అనే సినిమా నెగెటివ్ పద్ధతిలో కడిగే చోటే ఇవ్వండి. ఇంట్లో కడుక్కునేవాళ్లు గోరువెచ్చటి నీళ్లలో వంట సోడా కలిపి ముందు రెమ్‌జెట్ వదిలించుకుంటారు. 2025 నుంచి కొడాక్ ఈ పూత తీసేసి, వెలుతురు చెదరకుండా ఆపే పొరను ఫిల్మ్ లోపలే పెట్టడం మొదలుపెట్టింది. అందువల్ల మీకు దొరికిన డబ్బా పాత రకమో కొత్త రకమో అమ్మేవాళ్లని అడిగి తెలుసుకోవాలి.

పాత డబ్బా చేతికొచ్చినప్పుడు ఇంకో పరీక్ష ఉంది, దానికి కళ్లు అక్కర్లేదు. టేపు ఊడిన డబ్బా అయితే మూత అంచు దగ్గర ముక్కు పెట్టండి. వెనిగర్ వాసన వస్తే అక్కడే వదిలేయండి. వేడికి, తేమకి ఎసిటేట్ బేస్ కుళ్లిపోవడం మొదలైందని అర్థం, ఫ్రిజ్‌లో పెట్టినా అది మళ్లీ మామూలుకి రాదు. మూత మాత్రం వెలుతురులో తీయించకండి. లోపల నల్ల సంచి ఉండాలి, ఉందని చెబుతారు, అది చిరిగి ఉండదన్న హామీ మాత్రం లేదు.

ఎక్స్‌పైరీ దాటిన ఫిల్మ్‌కి పదేళ్లకో స్టాపు (ఒక స్టాపు అంటే రెట్టింపు) ఎక్కువ వెలుతురు ఇమ్మని ఒక వాడుక లెక్క ఉంది. అది చల్లటి దేశాల్లో చల్లగా దాచిన ఫిల్మ్‌కి నడుస్తుందేమో గానీ, టీనగర్‌లో డాబా మీది గదిలో పదేళ్లు పడున్న దానికి నడవదు. నెమ్మది ఫిల్మ్ కొంత తట్టుకుంటుంది, 500టీ లాంటివి తొందరగా పొగబారతాయి. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల 'ఇందు' రీళ్లు, డబ్బాలు కూడా అప్పుడప్పుడూ బయటపడుతుంటాయి. అవి అల్మారాలో పెట్టుకోవడానికి బాగుంటాయి. ఇంట్లో పాప పుట్టినరోజు మాత్రం వాటితో తీయకండి.

తెప్పించుకోవడం

మన దేశంలో ఫిల్మ్ అమ్మే దుకాణాలు బల్క్ రోళ్లు ఎప్పుడూ నిల్వ పెట్టవు, వస్తే వస్తాయి. ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: ఎక్స్‌పైరీ ఏ నెల, ఏ బ్యాచ్, ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టారు, పార్సిల్ ఏ రోజు పంపిస్తారు. ఎక్కడ పెట్టారంటే 'ఏసీ షాపే సార్' అంటారు. రాత్రి షట్టర్ దించాక ఏసీ ఉంటుందా అని అడిగితే అవతల కాసేపు మాట ఉండదు. శుక్రవారం పంపించవద్దనండి. ఆదివారమంతా గోడౌన్‌లో ఉడుకుతుంది.

విదేశం నుంచి తెప్పించుకుంటే ధర, షిప్పింగుతో పాటు కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ, కొరియర్ వాళ్ల క్లియరెన్స్ రుసుము పడతాయి. ఇవన్నీ కలిపాకే 18తో భాగించండి. కొరియర్ వాళ్లు ఆధార్ లాంటి కేవైసీ పత్రాలు అడుగుతారు, ఆలస్యం చేస్తే పార్సిల్ అక్కడే ఆగిపోతుంది. డబ్బా మీద, బయట పెట్టె మీద 'వాడని ఫొటో ఫిల్మ్, చీకట్లో తప్ప తెరవరాదు' అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయమని అమ్మేవాళ్లకి మెయిల్ పెట్టండి. లోపల ఏముందో చూద్దామని ఒక అధికారి మూత తీస్తే చాలు, 18 రీళ్లూ ఒకేసారి పోతాయి.

అమెరికా నుంచి వచ్చే బావగారి చేత తెప్పించుకోవడం మనవాళ్లకి అలవాటైన దారి. ఆయనకి ఒక్కటే గట్టిగా చెప్పండి: 'బావగారూ, చెకిన్ సూట్‌కేసులో మాత్రం పెట్టకండి.' ఆ సామాను స్కానర్లు ఫిల్మ్‌ని పాడుచేస్తాయి. చేతిసంచిలోనే, కంపెనీ సీలు తీయకుండా తేవాలి. కొత్తగా వచ్చిన సీటీ స్కానర్లు ఉన్నచోట చేత్తో తనిఖీ చేయమని అడగాలి. అమెరికా విమానాశ్రయాల్లో అడిగితే చేస్తారు. మిగతా చోట్ల అక్కడ నిల్చున్న మనిషిని బట్టి ఉంటుంది. పాత రకం ఎక్స్‌రే మెషీన్‌లో ఒకటి రెండుసార్లు వెళ్లినా 100, 400 ఫిల్ములకి పెద్దగా ఏమీ కాదు, 800 దాటినవాటికే భయం.

ఏ నెలలో తెప్పించుకోవాలన్నది చెన్నైలో చిన్న విషయం కాదు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా కత్తిరి ఎండల్లో ఆర్డర్ పెట్టకండి.

లోడర్, క్యాసెట్లు

లోడర్ అంటే 100 అడుగుల రోల్ లోపల చీకట్లో ఉండి, బయట హ్యాండిల్ తిప్పితే చిన్న క్యాసెట్‌లోకి ఫిల్మ్ వెళ్లే ప్లాస్టిక్ పెట్టె. పాతవాటిలో లాయిడ్, వాట్సన్ పేర్లు వింటారు, స్పెయిన్ ఏపీ కంపెనీవి కూడా దొరుకుతాయి. లాయిడ్ రకంలో ఫిల్మ్ మఖమలు గుడ్డ మధ్య నుంచి వస్తుంది. ఆ గుడ్డలో ఒక్క ఇసుక రేణువు చేరినా 18 రీళ్ల పొడవునా గీత పడుతుంది. వాట్సన్‌లో గేటు ఉంటుంది, చుట్టేటప్పుడు తెరుచుకుని ఫిల్మ్‌ని రాసుకోకుండా వదులుతుంది. బదులుగా, క్యాసెట్ మార్చే ముందు గేటు మూశారో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే అంచులు పగిలాయేమో, మూత బిగుతుగా పడుతుందో లేదో చూడండి.

క్యాసెట్లు మూత తీసి పెట్టగలిగేవి పది కొనుక్కుంటే చాలు. ల్యాబులో అడిగితే ఖాళీ కంపెనీ క్యాసెట్లు ఊరికే ఇస్తారు. కొద్దిగా ఫిల్మ్ తోక బయటికి ఉండేలా కత్తిరించి ఇమ్మనండి, దానికే కొత్త ఫిల్మ్ అతికించుకోవచ్చు. బీచిలో తీసిన రీలు క్యాసెట్ మాత్రం మళ్లీ వాడకండి.

మీది ఆటోమేటిక్ పాయింట్ అండ్ షూట్ కెమెరా అయితే క్యాసెట్ మీద డీఎక్స్ కోడ్, అంటే ఫిల్మ్ ఐఎస్‌ఓ ఎంతో కెమెరాకి చెప్పే గళ్ల గుర్తు కావాలి. లేకపోతే చాలా కెమెరాలు ఐఎస్‌ఓ 100 అనుకుంటాయి. 400 ఫిల్మ్ వేసేవాళ్లు 400 కోడున్న పాత కంపెనీ క్యాసెట్‌నే వాడుకుంటే గొడవ ఉండదు. ఐఎస్‌ఓ చేత్తో పెట్టుకునే కెమెరాలకి ఈ బెడద లేదు.

దాచడం

వాడబోయే రోల్ లోడర్‌లో ఉంటుంది కదా, మరి దాన్నేం చేయాలి? ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో, కింది అరలో, గాలి చొరబడని డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. మూడు నెలల్లో అయిపోయేట్టయితే ఫ్రిజ్ అక్కర్లేదు. అంతకన్నా ఎక్కువ కాలం పట్టేట్టయితే మొదటి వారంలోనే 18 రీళ్లూ చుట్టేసి, డబ్బాల్లో, ఆపైన జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. తెరవని బల్క్ డబ్బా ఏడాది పైన ఉంచాల్సి వస్తే ఫ్రీజర్.

ఫ్రిజ్ నుంచి తీశాక వెంటనే మూత తీయకూడదు. చెన్నై గాలిలోని తేమ చల్లటి ఫిల్మ్ మీద నీటి చుక్కలై కూర్చుంటుంది, పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. విడి రీలుకి గంటన్నర, బల్క్ డబ్బాకి నాలుగైదు గంటలు ఆగండి. ఫ్రీజర్‌లోది అయితే రాత్రి బయటపెట్టి పొద్దున తీయండి.

తుపాన్ల సంగతి కూడా. 2016లో వర్దా వచ్చినప్పుడు చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్‌కి కింది అంతస్తుల్లోకి నీళ్లొచ్చాయి. కరెంటు పోతే ఫిల్మ్ డబ్బా తీయకండి, ఫ్రిజ్ తలుపు తెరవకండి, అంతే. కింది అంతస్తులో ఉండేవాళ్లు పై అరలో పెట్టుకోండి. పెరుగు గిన్నెకి, ఇడ్లీ పిండికి మధ్య ఈ డబ్బా ఏమిటని ఇంట్లో అడుగుతారు. మూత మీద తెలుగులో 'తెరవకండి' అని రాస్తే వంటింట్లో సగం గొడవ తగ్గుతుంది.

చుట్టుకోవడం

చీకటి కావాల్సింది ఒక్కసారే, రోల్‌ని లోడర్‌లో పెట్టేటప్పుడు. బాత్‌రూము మంచి చోటు, రాత్రి పూట. తలుపు కింద తువ్వాలు తోయండి. గీజర్ మీది చిన్న ఎర్ర దీపం ఆపండి, ఇప్పటి ఫిల్ములు దాదాపు అన్నీ ఎరుపుని చూస్తాయి. ఫోన్, స్మార్ట్ వాచ్ బయట పెట్టండి. ఐదు నిమిషాలు చీకట్లో నిలబడండి, ఎక్కడైనా గీతలాంటి వెలుతురు కనిపిస్తే మూసేయండి. చేంజింగ్ బ్యాగ్ (వెలుతురు దూరకుండా చేతులు దూర్చి పనిచేసే నల్ల సంచి) కూడా వాడొచ్చు, కానీ మన ఉక్కలో రెండు నిమిషాలకే సంచిలో చేతులు చెమటలు పడతాయి, ఆ తడి ఫిల్మ్‌కి అంటుతుంది. బ్యాగే దిక్కైతే ఏసీ గదిలో కూర్చోండి.

ముందు వెలుతురులో, పనికిరాని ఫిల్మ్ ముక్కతో లోడర్ తెరవడం, ఫిల్మ్‌ని గేటులోంచి లాగడం, మూత బిగించడం చేతులకి అలవాటయ్యేదాకా చేయండి. తర్వాత కళ్లు మూసుకుని చేయండి. అప్పుడు అసలుది. డబ్బా మూత తీసి, నల్ల సంచిలోంచి రోల్ తీసి, చివర అంటించిన టేపు ముక్క నెమ్మదిగా ఊడదీసి, అంచుల్నే పట్టుకుని లోడర్‌లో కూర్చోబెట్టి, కొసని గేటులోంచి కాస్త బయటికి లాగి మూత వేయండి. బిగుతుగా పడిందో లేదో వేలితో చుట్టూ తడిమి చూడండి. ఖాళీ డబ్బా, నల్ల సంచి పారేయకండి. లోడర్ ఎప్పుడైనా మొరాయిస్తే మిగిలిన ఫిల్మ్ దాచేది వాటిలోనే.

400 అడుగుల డబ్బా లోడర్‌లో పట్టదు. దాన్ని చీకట్లోనే 100 అడుగుల ముక్కలుగా చుట్టుకోవాలి. మొదటిసారి ఆ పనికి దిగకండి.

ఇక దీపం వేసుకోవచ్చు. క్యాసెట్ స్పూలు తీసుకుని, ఫిల్మ్ కొసని టేపుతో రెండువైపులా అతికించండి. మాస్కింగ్ టేపు వద్దు, మన వేడికి దాని జిగురు జారి చివరి ఫ్రేముల మీద పడుతుంది. స్పూలు పొడుచుకొచ్చే వైపు ఎటుండాలో అనుమానమొస్తే కంపెనీ రీలు ఒకటి పక్కన పెట్టుకుని చూసి చేయండి. ఫిల్మ్‌లో మెరుపు లేని వైపే ఎమల్షన్ (బొమ్మ పడే పూత), అది లోపలికి ఉండాలి. క్యాసెట్ మూత బిగించి, లోడర్‌లో పెట్టి, తలుపు మూసి, హ్యాండిల్ తిప్పండి. ఒకే వేగం, తొందర లేకుండా. బిగుసుకున్నట్టుంటే బలవంతం చేయకండి, వెనక్కి పావు చుట్టు వదిలి మళ్లీ తిప్పండి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. స్పూలుకి అతికించేటప్పుడు వెలుతురులో ఉన్న ముక్క, కెమెరాలో రీలు చివరికి వస్తుంది. అంటే లోడ్ చేసేటప్పుడు మీరు ముందు చుట్టింది ఫొటోలు తీసేటప్పుడు ఆఖరున వస్తుంది. 36 ఫ్రేములు చుట్టినా చివరి ఒకటి రెండు నల్లగా మాడి ఉంటాయి. ఆఖరి ఫ్రేములో తీసిన గ్రూప్ ఫొటో పోయిందని బాధపడకుండా 34 దగ్గరే ఆపడం అలవాటు చేసుకోండి. పోనీ 40 ఫ్రేములు చుట్టేద్దామా అంటే, అంత పొడవు కడిగే ట్యాంకు స్పైరల్‌లో పట్టదు.

కౌంటరు చూపించిన చోట ఆపి, తలుపు తీసి, క్యాసెట్ దగ్గర నాలుగు వేళ్ల ఫిల్మ్ వదిలి కత్తిరించండి. కంపెనీ రీలు నాలుక పక్కన పెట్టుకుని అదే ఆకారంలో కొస కోయండి. రంధ్రాల మధ్యనుంచి కోయాలి, రంధ్రాన్ని సగానికి కోస్తే అక్కడ చిరుగుతుంది. వెంటనే క్యాసెట్ మీద తెల్ల స్టిక్కరు అంటించి ఫిల్మ్ పేరు, ఐఎస్‌ఓ, ఎన్ని ఫ్రేములు, చుట్టిన నెల రాయండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే నెల తిరిగేసరికి ఆ నల్ల క్యాసెట్లలో ఏది ఏదో మీకే తెలియదు.

మొదటి రీలు

మొదటి రీలు ఏ పెళ్లికీ, ఏ ఊరి ప్రయాణానికీ వాడకండి. 12 ఫ్రేములే చుట్టండి, బల్క్‌లో ఉన్న వెసులుబాటు అదే. ఇంటి ముందు ఒకే దృశ్యాన్ని సగం స్టాపు చొప్పున మారుస్తూ తీసి కడగండి. ఎండాకాలంలో పైట్యాంకు నీళ్లు కుళాయిలోంచే వేడిగా వస్తాయి కాబట్టి కెమికల్ సీసాల్ని ఐసు ముక్కల గిన్నెలో పెట్టి 20 డిగ్రీలకి దించండి. కుదరకపోతే 24 దగ్గర పెట్టి, డెవలపర్ పట్టికలో ఆ వేడికి ఇచ్చిన తక్కువ టైము వాడండి. ఆఖరి కడుగుడు డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి, బోరు నీళ్లయితే తెల్ల మచ్చలు పడతాయి.

నెగెటివ్‌ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి. పొడవునా తిన్నటి గీత ఉంటే లోడర్ గేటులోనో, క్యాసెట్ గుడ్డలోనో ధూళి ఉంది. అదే క్యాసెట్‌తో వచ్చిన రీలుకే ఉండి మిగతావాటికి లేకపోతే క్యాసెట్‌ది తప్పు. అన్నిటికీ ఉంటే లోడర్‌ని ఆపి శుభ్రం చేయాలి. అంచుల నుంచి లోపలికి నల్లటి పొగలాంటిది పాకితే ఎక్కడో వెలుతురు దూరుతోంది. అంచున ఉన్న ఫ్రేము నంబర్లు మీ ఫొటోలతో కలవవు, సినిమా ఫిల్మ్ మీద అసలు అలాంటి నంబర్లే ఉండవు. అది లోపం కాదు, కంగారు పడకండి.

రోల్ చివరికొచ్చేసరికి హ్యాండిల్ ఒక్కసారిగా తేలికవుతుంది, లేదా కౌంటరు తిరగడం ఆగుతుంది. అప్పుడు క్యాసెట్‌లో ఎన్ని ఫ్రేములున్నాయో సరిగ్గా తెలియదు. స్టిక్కరు మీద ప్రశ్న గుర్తు రాసి, కెమెరా లివర్ బిగుసుకున్న చోట ఆపేయండి. బలంగా లాగితే ఫిల్మ్ స్పూలు నుంచి ఊడొస్తుంది, మళ్లీ బాత్‌రూము చీకట్లో కెమెరా తెరవాల్సి వస్తుంది.